నెలమంగల దగ్గర టిప్పర్ గుద్దింది, తమ్ముడి కాలు విరిగింది. కేసు ఎలా వేయాలి?

పెన్నాతీరం
2025 జూన్ 15, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది హిందూపురం పక్క పల్లె. నేను పీణ్యాలో ఒక మెషీన్ షాపులో పని చేస్తాను. మా తమ్ముడికి 33 ఏళ్ళు, బెంగళూరులోనే టైల్స్ పని. మొన్న 12వ తేదీ రాత్రి పని ముగించుకుని నెలమంగల వైపు నుంచి బైకు మీద వస్తుంటే ఎం-శాండ్ (రాయి నలిపి చేసే ఇసుక) మోసే టిప్పర్ వెనకనుంచి గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, చర్మం కూడా లేచిపోయింది. రాడ్డు వేశారు. చర్మానికి ఇంకో ఆపరేషన్ ఉందంటున్నారు. ఇప్పటికి లక్షా డెబ్బై వేలయింది.

ఈ రోజు ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన టిప్పర్ ఓనర్ తరఫున. నలభై వేలు ఇస్తాం, కేసు వద్దని రాసివ్వండి అన్నాడు. ఇంకొకాయన నేరుగా వార్డులోకే వచ్చాడు. లాయరు పంపాడట, మేము ఒక్క రూపాయి పెట్టక్కర్లేదట, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే చాలట. ఖాళీ వకాలత్ (మన తరఫున వాదించే అధికారం లాయరుకి ఇచ్చే కాగితం) తీసి సంతకం అడిగాడు. అమ్మ పెట్టబోయింది, నేను ఆపాను.

తమ్ముడి లైసెన్సు గడువు పోయి ఏడాది దాటింది. ఆ భయం ఒకటి. తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అత్తిబెలె అక్క
జూన్ 15, రాత్రి 11:58

తమ్ముడూ, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. అమ్మకి కూడా గట్టిగా చెప్పు. మా సంగతి రేపు రాస్తాను.

పదహారు టైర్లు
జూన్ 16, ఉదయం 5:20

నేను 21 ఏళ్ళు లారీ తోలాను, ఇప్పుడు మానేశాను. ఆ పక్కనుంచి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ఎఫ్‌ఐఆర్ అయిందా? అయితే అందులో బండి నంబరు ఉందో లేదో ఇప్పుడే చూడు. బండి స్టేషన్ దగ్గరే ఉంటే వెళ్ళి నాలుగు వైపులా ఫోటోలు తీసుకో. బంపరు, టైర్లు, హెడ్‌లైట్లు, నంబరు ప్లేటు, అన్నీ. ఒకసారి బండి బయటికి వెళ్ళిందంటే రెండు రోజుల్లో కొత్త టైర్లు, కొత్త లైట్లు వచ్చేస్తాయి. నేనే అలాంటి బండి తోలాను, ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో మాట. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, డ్రైవర్ లైసెన్సు అన్నీ సరిగ్గా ఉన్న ఓనర్‌కి మీ నష్టపరిహారం గురించి పెద్ద భయం ఉండదు, కట్టేది ఇన్సూరెన్సు కంపెనీ కదా. మూడో రోజుకే డబ్బు పట్టుకుని వచ్చాడంటే ఏదో ఒకటి తక్కువై ఉండొచ్చు. లేదా బండి తొందరగా విడిపించుకోవాలని ఉండొచ్చు. పరివాహన్ సైటులో నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉన్నాయో కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన రోజుకి ఉన్నాయా లేదా అన్నది చూసి స్క్రీన్‌షాట్ దాచుకో.

నల్లకోటు
జూన్ 16, ఉదయం 9:05

బెంగళూరులో మోటారు ప్రమాదాల కేసులే ఎక్కువగా చూసే వకీలుని. మీరు భయపడుతున్న విషయం ముందు చెబుతాను. లైసెన్సు గడువు పోయినంత మాత్రాన పరిహారం పోదు. లైసెన్సు లేకుండా నడపడం ఒక తప్పు, దానికి జరిమానా వేరే. కానీ ప్రమాదానికి కారణం ఎవరి అజాగ్రత్త అన్నదే ట్రైబ్యునల్, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, చూస్తుంది. లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో బాధితుడి మీద సగం తప్పు వేయకూడదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. వెనకనుంచి గుద్దిన టిప్పర్ కేసులో మీకు మంచి బలం ఉంది.

ఇక పద్ధతి. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్ వేస్తారు. బెంగళూరులో ఆ ట్రైబ్యునళ్ళు స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్సు కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి పిటిషన్ వేయడానికి ప్రమాదం జరిగిన రోజునుంచి ఆరు నెలల గడువు పెట్టారు. మీకు డిసెంబరు 12. ఈ తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి.

అదే 2022 నుంచి పోలీసుల మీద కూడా కొన్ని బాధ్యతలు వచ్చాయి. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రైబ్యునల్‌కి పంపాలి. పది రోజుల్లోపు మీ హక్కులు తెలిపే ఫారం మీకివ్వాలి. చాలామంది బాధితులకి ఇలాంటి ఫారం ఒకటుందనే తెలియదు. స్టేషన్‌కి వెళ్ళినప్పుడు మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. వీటితో పాటు స్థల మహజరు (ప్రమాదం జరిగిన చోట పోలీసులు రాసే పంచనామా), స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే ఐఎంవీ రిపోర్టు, తర్వాత చార్జిషీటు, వీటి నకళ్ళు కావాలి. ఎఫ్‌ఐఆర్ కన్నడంలో ఉంటుంది. చదవగలిగినవాళ్ళతో ఒక్కో వాక్యం చదివించుకోండి. ‘ఎదురుగా వచ్చి’ అని పడిందా, ‘వెనకనుంచి’ అని పడిందా అన్నదాని మీదే రేపు వాదనంతా నడుస్తుంది.

ఎముకల వార్డు
జూన్ 16, మధ్యాహ్నం 1:30

నేను ఫిజియోథెరపిస్టుని. అడ్మిషన్ రోజున ఆసుపత్రి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి సంబంధించిన గాయమని ఆసుపత్రి రాసే రికార్డు) రాసిందా అని ముందు కనుక్కోండి. అందులో ‘టిప్పర్ ఢీకొని’ అని ఉండాలి. గాబరాలో పక్కనున్నవాళ్ళు ఎవరో ‘బైకు మీదనుంచి పడ్డాడు’ అని చెప్పేస్తారు, డ్యూటీ డాక్టర్ అదే రాసేస్తారు. ఆ నాలుగు మాటలు పట్టుకుని ఇన్సూరెన్సు వకీలు రెండేళ్ళు లాగుతాడు. తప్పు పడితే ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడండి.

గాయం ఫోటోలు ప్రతి డ్రెస్సింగ్‌కీ తీయండి. ఎక్స్‌రే ఫిల్ములు ఆసుపత్రిలో వదిలేయకండి. మందుల బిల్లుకి డాక్టర్ రాసిన మందుల చీటీ కూడా జతపెట్టండి. రాడ్డు బిల్లు విడిగా ఇస్తారు, స్టిక్కరుతో సహా అడిగి తీసుకోండి. ఆటో ఖర్చు, తోడున్న మనిషికి పోయిన కూలీ, అన్నీ ఒక నోటుబుక్కులో ఏ రోజుకి ఆ రోజు రాయండి.

ఇంకోటి, డబ్బు కట్టేసినవాళ్ళకి ఇప్పుడు ఉపయోగపడకపోవచ్చు గానీ మిగతావాళ్ళ కోసం: కేంద్రం 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా చికిత్స పథకం తెచ్చింది. పథకంలో చేరిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా. తమిళనాడులో అయితే మొదటి 48 గంటలకి రాష్ట్ర పథకం 2021 నుంచే ఉంది. అడ్మిషన్ కౌంటరులోనే అడగాలి.

అత్తిబెలె అక్క
జూన్ 16, రాత్రి 10:15

రాస్తానన్నాను కదా. 2021లో మా ఆయన్ని హోసూరు రోడ్డు మీద కంటైనర్ లారీ ఒరుసుకుని పోయింది. తుంటి ఎముక. ఆయన బొమ్మసంద్రలో వెల్డరు. ఓనర్ మనుషులు అరవై వేలు తెచ్చారు, చాలా మంచిగా మాట్లాడారు, పళ్ళు కూడా తెచ్చారు. మాకు ఆ రోజు ఆసుపత్రి కట్టడానికి డబ్బు లేదు. స్టేషన్‌లో ‘ఇద్దరి తప్పూ ఉంది, మేము మాట్లాడుకున్నాం, క్లెయిమ్ చేయం’ అని రాసిచ్చాం. మా ఆయన సంతకం పెట్టాడు, సాక్షిగా నేను పెట్టాను.

ఏడాదికి కూడా ఆయన నిలబడి వెల్డింగ్ చేయలేకపోయాడు. అప్పుడు కేసు వేశాం. ఆ కాగితమే మా మెడకి చుట్టుకుంది. ట్రైబ్యునల్‌లో మా తప్పు నలభై శాతం అన్నారు, వచ్చిన మొత్తంలో అంత కోసేశారు. ఆ అరవై వేలు ఎప్పుడో అయిపోయాయి. తమ్ముడూ, డబ్బు అవసరం ఎంతుందో నాకు తెలుసు. చెవి కమ్మలు తాకట్టు పెట్టుకోండి, చుట్టాల దగ్గర తెచ్చుకోండి, ఆ మనిషి దగ్గర మాత్రం తీసుకోవద్దు.

పెన్నాతీరం
జూన్ 17, ఉదయం 7:10

అక్కా, చదివి అమ్మకి వినిపించాను. ఇక ఎవరొచ్చినా సంతకం పెట్టను అంది. ఎఫ్‌ఐఆర్ చదివించాను, ‘హిందినింద’ అని ఉంది, వెనకనుంచి అనే. టిప్పర్ ఇన్సూరెన్సు ఉంది, ఫిట్‌నెస్ మాత్రం ఏప్రిల్‌లోనే అయిపోయింది. అలా అయితే కంపెనీ డబ్బులు ఇవ్వదా?

నల్లకోటు
జూన్ 17, ఉదయం 9:30

కంపెనీ వకీలు ఆ వాదన తప్పకుండా తెస్తాడు. లైసెన్సు, పర్మిట్ లేని కేసుల్లో కోర్టులు ఎక్కువగా పాటించే దారి ఏంటంటే, ముందు కంపెనీ బాధితుడికి చెల్లించాలి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి. లైసెన్సు విషయంలో సుప్రీంకోర్టు 2004లో, పర్మిట్ విషయంలో 2018లో ఇదే దారి చూపింది. ఫిట్‌నెస్ లేనప్పుడు కూడా అదే ఉత్తర్వు అడుగుతాం. పాలసీ ఉండటమే ముఖ్యం. పాలసీ నంబరు సంపాదించండి.

ఒక హెచ్చరిక కూడా. 164వ సెక్షన్ కింద, ఎవరి తప్పో నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇస్తారు. కంపెనీ నుంచి ఆ ఆఫరు వచ్చి మీరు ఒప్పుకున్నారంటే 166 కింద వేసిన పిటిషన్ పోతుంది. చిన్న గాయమైతే అది మేలే. మీ తమ్ముడి కాలుకి మాత్రం తొందరపడి ఒప్పుకోవద్దు.

సిల్క్‌బోర్డు సిగ్నల్
జూన్ 17, సాయంత్రం 6:45

శాతం లెక్కన తీసుకునే లాయర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా నాన్నగారి కేసులో ఇరవై శాతం ఇచ్చాం. చేతిలో డబ్బు లేనివాళ్ళకి ఇంకో దారి ఏముంది? కేసు ఖర్చులన్నీ ఆయనే పెట్టుకున్నారు, మాకు ఆయన మీద కోపం లేదు.

నల్లకోటు
జూన్ 17, రాత్రి 8:20

మీ మాటలో ఉన్న కష్టం నాకు అర్థమవుతుంది. కానీ బార్ కౌన్సిల్ నియమం స్పష్టంగా ఉంది. తీర్పు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చిన మొత్తంలో వాటా తీసుకోకూడదు, పని కోసం మనుషుల్ని పంపకూడదు. ఆసుపత్రి మంచం దగ్గరికి ఏజెంటుని పంపే వకీలు మొదటి రోజే నియమం తప్పాడు. రేపు మీ దగ్గర సరిగ్గా ఉంటాడని ఎలా నమ్ముతారు? ఫీజు విడతలుగా మాట్లాడుకోండి, కాగితం మీద రాయించుకోండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని నకళ్ళు ఇవ్వండి. కోర్టులో అసలువి దాఖలు చేసేటప్పుడు ఒక్కోటీ లెక్కపెట్టి రసీదు రాయించుకోండి.

డబ్బు లేనివాళ్ళకి దారి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితంగా వకీలుని ఇస్తారు. 15100కి ఫోన్ చేయొచ్చు. ఉచిత వకీలు అంటే పని రానివాడని అనుకోవద్దు, నాకు తెలిసిన మంచి వకీళ్ళు ఆ ప్యానెల్‌లో ఉన్నారు.

సిల్క్‌బోర్డు సిగ్నల్
జూన్ 17, రాత్రి 9:02

సరే సార్, ఆ నంబరు అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. మా కేసు వివరం కూడా ఇక్కడ పెడతాను. నాన్నగారు హొసకోటె దాటాక రాత్రి ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దారు. లారీకి పార్కింగ్ లైటు లేదు, వెనక రిఫ్లెక్టర్ లేదు, చుట్టూ ఒక రాయి కూడా పెట్టలేదు. అందరూ తప్పు మాదే అన్నారు. కానీ ఆ రాత్రి మా బావ సంఘటన స్థలంలో తీసిన వీడియోలో లారీ వెనకభాగం మొత్తం చీకటిగా ఉంది. ఆ వీడియో వల్లే లారీ వైపు తప్పు ఎక్కువని తేలింది. ఆగి ఉన్న బండి కదా, మనకేం వస్తుందిలే అని వదిలేయకండి.

కుప్పం కుర్రాడు
జూన్ 18, ఉదయం 11:15

లారీ ఆగకుండా పోతే? మా స్నేహితుడికి కె.ఆర్. పురం దగ్గర అలా జరిగింది. నంబరు ఎవరూ చూడలేదు.

పదహారు టైర్లు
జూన్ 18, మధ్యాహ్నం 12:40

ఈ రోజే దారి పొడవునా పెట్రోలు బంకులు, షోరూములు, టీ అంగళ్ళు తిరగమను. కెమెరా రికార్డింగు కొన్ని రోజులకే చెరిగిపోతుంది. ముందు టోల్‌గేటు ఉంటే ఫాస్టాగ్ రికార్డు తెప్పించమని పోలీసులకి రాసివ్వండి. అద్దం ముక్క, రంగు పెచ్చు రోడ్డు మీద దొరికినా మహజరులో రాయించండి.

నల్లకోటు
జూన్ 18, మధ్యాహ్నం 2:00

నంబరు ఎంతకీ దొరక్కపోతే 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. చాలా తక్కువ. అందుకే పైన చెప్పినట్టు ముందు బండిని వెతకాలి.

పెన్నాతీరం
జూన్ 29, రాత్రి 10:30

రెండో ఆపరేషన్ అయింది. రెండు ప్రశ్నలు. కేసు బెంగళూరులోనే వేయాలా, హిందూపురంలో వేయొచ్చా? ఇంకోటి, తమ్ముడికి జీతం చీటీ లేదు. మేస్త్రీ వారం వారం ఫోన్‌పే చేస్తాడు. రోజుకి వెయ్యి నుంచి పన్నెండు వందలు పడేది.

నల్లకోటు
జూన్ 30, ఉదయం 8:50

ప్రమాదం జరిగిన చోట, మీరు నివసించే చోట, ప్రతివాది ఉన్న చోట, ఎక్కడైనా వేయొచ్చు. హిందూపురంలో వేస్తే అమ్మకి వెళ్ళి రావడం తేలిక, తెలుగులో మాట్లాడొచ్చు. కానీ వైద్యం చేసిన డాక్టర్ బెంగళూరులో ఉన్నారు, ఆయన సాక్ష్యం లేకపోతే వైకల్యం శాతం నిలబడదు. ఆయన అంత దూరం రావడం కష్టం. మీ కేసులో నేనైతే బెంగళూరే అంటాను.

ఆదాయానికి ఫోన్‌పే స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో తీసుకోండి, కనీసం ఏడాదిది. మేస్త్రీ ఉత్తరం ఇస్తే సరిపోదు, కోర్టుకి వచ్చి చెప్పాలి. ఏ ఆధారమూ లేకపోతే కర్ణాటకలో లోక్ అదాలత్‌ల కోసం న్యాయ సేవల ప్రాధికార సంస్థ పెట్టిన ఏడాదివారీ ఆదాయ పట్టిక చూసి లెక్క కడతారు. అది మీ అసలు సంపాదన కంటే తక్కువే ఉంటుంది.

లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను, ఇది హామీ కాదు. నెలకి 15,000 అనుకుందాం. సొంత పని చేసుకునేవాడు, 40 ఏళ్ళ లోపు, కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 21,000. ఏడాదికి 2,52,000. వయసు 31 నుంచి 35 మధ్య అయితే గుణకం, అంటే ఏడాది సంపాదనని హెచ్చించే అంకె, 16. మొత్తం 40,32,000. ఇందులో పని చేసే శక్తి ఎంత పోయిందో అంత శాతం. 25 శాతం అంటే 10,08,000. దీనికి ఆసుపత్రి ఖర్చులు, మంచంలో ఉన్న నెలల సంపాదన, నొప్పి, ముందుముందు రాడ్డు తీసే ఆపరేషన్, తోడు మనిషి ఖర్చు వేరుగా కలుస్తాయి. పిటిషన్ వేసిన రోజునుంచి వడ్డీ కూడా.

అసలు పేచీ ఆ శాతం దగ్గరే. డాక్టర్ కాలికి 45 శాతం అంటే, ఇక్కడ సాధారణంగా మూడో వంతు తీసుకుని ఒంటికి మొత్తంగా 15 శాతం అంటారు. అక్కడ మీ వకీలు ఆగిపోకూడదు. వైకల్యం వేరు, దానివల్ల ఆ మనిషి ఆ పనికి ఎంత దూరమయ్యాడన్నది వేరు అని సుప్రీంకోర్టు 2011లో వివరంగా చెప్పింది. చెయ్యి పోయిన గుమాస్తా, చెయ్యి పోయిన వడ్రంగి ఒకటి కాదు. టైల్స్ పనివాడు రోజంతా గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద జరగాలి. మీ తమ్ముడు అలా కూర్చోలేడని ట్రైబ్యునల్ ముందు కనిపించాలి.

ఎముకల వార్డు
జూన్ 30, రాత్రి 9:15

అందుకే ఫిజియోథెరపీ మానేయకండి, ఆ రికార్డు కూడా ఉంచండి. మోకాలు ఎన్ని డిగ్రీలు మడుస్తున్నాడో ప్రతి నెలా రాయించండి. శాతం ఎక్కువ రావాలని వ్యాయామం ఆపించినవాళ్ళని చూశాను. కాలు గట్టిపడిపోయింది, తర్వాత ఏ డబ్బూ దాన్ని వంచలేకపోయింది. ముందు కాలు, తర్వాతే కేసు.

పదహారు టైర్లు
జూలై 2, ఉదయం 5:45

ఒక్క మాట అందరికీ. లారీలో ఉన్న క్లీనర్‌కి, డ్రైవర్‌కి దెబ్బ తగిలినా దారి ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద గానీ, ట్రైబ్యునల్‌లో గానీ, రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. మా క్లీనర్ పిల్లవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తిరుపతి వైపు వాడు, రెండు వేళ్ళు పోయాయి, ఊరికి పంపేశారు.

పెన్నాతీరం
నవంబరు 23, సాయంత్రం 4:20

చాలా రోజులకి వచ్చాను, క్షమించండి. చార్జిషీటు వచ్చింది, తప్పు టిప్పర్ డ్రైవర్‌దే అని. న్యాయ సేవల ప్యానెల్ నుంచే వకీలమ్మ దొరికారు. నవంబరు 10న పిటిషన్ వేశాం, 32 రోజులు మిగిలి ఉండగానే. నోటీసులు వెళ్ళాయి. తమ్ముడు వాకరు వదిలి కర్రతో నడుస్తున్నాడు, కింద కూర్చోలేడు. రాడ్డు బిల్లు ఒక్కటే కనిపించడం లేదు, 38 వేలది.

కుప్పం కుర్రాడు
నవంబరు 23, రాత్రి 7:00

మా వాడికి ఆరు నెలలు దాటి తొమ్మిది రోజులైంది. ఈ మధ్యే బండి నంబరు దొరికింది. ఇక అంతేనా?

నల్లకోటు
నవంబరు 23, రాత్రి 9:40

అంతే అనుకోవద్దు. ఆ గడువు మీద సవాలు సుప్రీంకోర్టులో నడుస్తోంది. ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని ఈ నెలలోనే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రేపే వకీలు దగ్గరికి వెళ్ళమనండి. మిగతావాళ్ళు దీన్ని చూసి నిదానించకండి, తుది తీర్పు ఇంకా రాలేదు.

పెన్నాతీరం, రాడ్డు బిల్లుకి ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో నకలు అడగండి, ముద్రతో ఇస్తారు. సాక్ష్యం మొదలయ్యేలోపు కావాలి. లోక్ అదాలత్‌కి పిలుపు వస్తే వెళ్ళండి, కానీ అక్కడ ఒప్పుకున్న మొత్తం మీద మళ్ళీ అప్పీలు ఉండదు. పైన చెప్పిన లెక్క చేతిలో పెట్టుకుని కూర్చోండి.

అత్తిబెలె అక్క
నవంబరు 24, ఉదయం 6:30

తమ్ముడి బ్యాంకు ఖాతా అతని పేరు మీదే ఉండేలా చూసుకో. పరిహారం నేరుగా బాధితుల ఖాతాలోకే పంపమని ఈ ఏడాది సుప్రీంకోర్టు చెప్పిందని మా వకీలు అన్నారు. మధ్యలో ఎవరి చేతుల మీదుగానూ వెళ్ళకూడదు.

పెన్నాతీరం
నవంబరు 30, రాత్రి 8:10

ఖాతా తమ్ముడి పేరు మీదే ఉంది అక్కా, ఆధార్ కలిపించాను. రాడ్డు బిల్లు దొరికింది. అమ్మ ఊరికి వెళ్ళినప్పుడు దేవుడి గూట్లో పెట్టిందట, స్టిక్కరు కూడా అలాగే ఉంది. రేపు వకీలమ్మకి నకలు ఇచ్చి వస్తాను.